పదకొండు రూపాయల పిలుపు

ఫోన్ మోగేసరికి సుబ్బలక్ష్మమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కళ్లతో కాదు, వేళ్లతో.

"అమ్మా, బ్యాంకు నుంచి అనుపమను మాట్లాడతాండా. రామాంజులు గారి ఖాతాకు నామినీ మీరే కదా?"

చేట పక్కకు జరిగింది. రామాంజులు ఆమె భర్త. చెప్పకుండా ఇల్లు వదిలి ఏడేళ్లయింది.

"ఆ ఖాతాలో రెండేండ్లుగా దుడ్లు వేసిందీ లేదు, తీసిందీ లేదమ్మా. డార్మెంట్ అయిపోయింది. అట్లయితే ఖాతాదారుడు యాడున్నాడో మేము వెతకాల. ఆయన ఫోను కలవలేదు, అడ్రసుకు ఉత్తరం పంపినాం. ఎవరో సంతకం పెట్టి తీసుకున్నారు. జవాబు మాత్రం రాలేదు."

"ఈ ఇంటికి ఏ ఉత్తరమూ రాలేదే పాపా."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"ధర్మవరం కాదమ్మా, కదిరి అడ్రసు. ఐదేండ్ల కిందట ఆయనే అక్కడి బ్రాంచీకి పోయి అడ్రసు, ఫోన్ నంబరు మార్పించుకున్నాడు. మీకు తెలీదా?"

తెలియదు. పోలీసులకు తెలియలేదు. తిరుపతి సత్రాల్లో, బెంగళూరు బిల్డింగు పనుల దగ్గర ఫోటో చూపిస్తూ తిరిగిన ఆమె తమ్ముడికీ తెలియలేదు. కదిరి! పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు.

అరగంటలో ఆమె బ్యాంకులో ఉంది.

"ఐదేండ్లు అడ్రసు మీ కంప్యూటర్లో పెట్టుకోని నాకొక్క మాట చెప్పలేదే?"

అనుపమ ఉద్యోగంలో కొత్త. నెమ్మదిగానే చెప్పింది. "నడిచే ఖాతా గురించి మేము ఎవర్నీ అడగమమ్మా. ఎవరో పదకొండు రూపాయలు వేస్తానే వచ్చినారు. అందుకే అది డార్మెంట్ కాలేదు. కాకపోయేసరికి మేమూ వెతకలేదు."

"ఎవరో కాదు పాపా," అంది సుబ్బలక్ష్మమ్మ. "నేనే."

ఆ ఇంట్లో అదొక ఆనవాయితీ. మగ్గానికి కొత్త వార్పు, అంటే చీరలకు నిలువు పోగులు, అతికిన రోజు పదకొండు రూపాయలకు పసుపు పూసి ఆమె భర్త అరచేతిలో పెట్టేది. అప్పుడే అతను మగ్గం గుంతలో కాళ్లు పెట్టేవాడు. తర్వాత అతని చేతులు వణకడం మొదలైంది. ఓ పెళ్లి పట్టు చీర అంచు పాడైంది. షావుకారు అందరి ముందూ చీర విసిరికొట్టాడు. "బీడీ ముట్టించుకోను చేతకాదు, జరీ ముట్టుకుంటావా?" అన్నాడు. మర్నాడు పొద్దున రామాంజులు ఇంట్లో లేడు.

సుబ్బలక్ష్మమ్మే మగ్గంలో కూర్చుంది. కొత్త వార్పు అతికిన ప్రతిసారీ బ్యాంకుకు వెళ్లి భర్త ఖాతాలో పదకొండు రూపాయలు వేసింది. తను చేస్తే ఫోను కలవకపోయినా, బ్యాంకు మెసేజ్ ఎలాగో అతనికి చేరుతుందని నమ్మకం. చూస్తే అర్థం చేసుకుంటాడు: వార్పు సిద్ధంగా ఉంది, వచ్చి కూర్చో.

రెండేళ్ల కిందట చూపు మందగించింది. పోగులు కనబడలేదు. మగ్గం విప్పి అమ్మేసింది. వార్పు లేకుండా పదకొండు వేస్తే మొగుడికి అబద్ధం చెప్పినట్టవుతుందని ఆపేసింది.

అనుపమ అటూ ఇటూ చూసి చీటీ మీద అడ్రసు రాసింది. "నేను ఇయ్యకూడదమ్మా. ఆయన కనబడితే ఆధార్ తీసుకోని ఒక్కసారి రమ్మని చెప్పండి. ఖాతా మళ్లీ తెరుస్తా."

"ఎందుకు రాడు? చెయ్యి పట్టుకోని పిలుచుకొస్తా."

ఇంటికెళ్లి మొహం కడుక్కుని కుంకుమ దిద్దుకుంది. పదకొండు రూపాయలకు పసుపు పూసి కొంగున ముడేసింది. ఈసారి బ్యాంకుతో పనిలేదు. చేతిలోనే పెట్టొచ్చు.

చీటీలో ఉన్నది ఒక హోటలు అడ్రసు, కదిరి బస్టాండుకు ఎదురుగానే ఉంది. పేరుకే హోటలు. పొయ్యి, నాలుగు బెంచీలు. యజమాని బసప్ప టీ వడగడుతున్నాడు.

"ఏం కావాలక్కా? టీనా, కాఫీనా?"

"రామాంజులు కావాలప్పా."

టీ గ్లాసు దాటి పొర్లింది. "నువ్వెవురక్కా?"

"ఆయప్ప పెండ్లాన్ని. ధర్మవరం."

బసప్ప ఆమె కుంకుమను చూశాడు. గిన్నె కింద పెట్టాడు.

"అట్లనొద్దక్కా. ఆయన పెండ్లాం చచ్చిపోయింది. గుండు కొట్టించుకున్నాడు ఆయన. నా ముందరే. ఆ దినం ఈ బెంచీల మీదనే పదిమందికి అన్నం పెట్టినాం."

"నేను చచ్చినానని ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు. ఆ ఫోనే." బసప్ప గొంతు తగ్గింది. "పదకొండు రూపాయలు పడిందని మెసేజ్ వచ్చేది. వచ్చిన దినం ఈయన్ని పట్టలేకపోతాంటిమి. టీ తాగేవాళ్లందరికీ చూపించేవాడు. 'కొత్త వార్పు ఎక్కింది చూడండప్పా, నా పెండ్లాం మగ్గం నిలపలేదు' అని. మరి ఇంటికి పో సామీ అంటే, 'నేను లేకపోతేనే మగ్గం బాగా ఆడతాండాది బసప్పా. ఈ చేతులేసుకోని పోతే మళ్లీ చెడగొడతా' అనేవాడు."

సుబ్బలక్ష్మమ్మ బెంచీ అంచు పట్టుకుంది.

"తర్వాత మెసేజ్‌లు నిలిచిపోయినాయి. ఫోను చెడిందేమోనని రిపేరు షాపుకు తీస్కపోయినాడు. బాగుందన్నారు. పండగలు వచ్చినాయి, పోయినాయి. ఒక దినం ఈడ కూర్చోని చెప్పినాడు. 'ఊపిరుంటే ఆమె వార్పు ఆపదప్పా. ఆగిందంటే ఆమె లేదు' అని."

"వచ్చి చూడొచ్చు కదా!" గట్టిగా అరిచింది. బస్టాండులో ఇద్దరు తిరిగి చూశారు. "గంటన్నర బస్సు! వచ్చి చూడొచ్చు కదప్పా!"

"నేనూ వస్తా, పోదాం పా అంటినక్కా. ఆమె లేని ఇంట్లో ఉత్త మగ్గాన్ని చూడలేననినాడు."

"ఇప్పుడు యాడుండాడు?"

బసప్ప పొయ్యి పైన గోడవైపు చూశాడు. ఆమె దగ్గరగా వెళ్లాల్సి వచ్చింది. కళ్లు చిట్లించింది. చిన్న ఫోటో. దానికి ఎండిన బంతిపూల దండ. ఫోటో వెనక విప్పని బ్యాంకు ఉత్తరం.

"ఉగాదికి ముందర. నిద్దరలోనే పోయినాడు. కొరివి నేనే పెట్టినా. ఎవురూ లేరని చెప్పుండె కదక్కా, యాడని కబురు చేసేది?"

ఫోటోలో రామాంజులు జుట్టు పొట్టిగా ఉంది. గుండు తర్వాత మొలిచిన జుట్టు. ఆమె కోసం కొట్టించుకున్న గుండు. చూపుడు వేలితో అద్దం మీదే ఆ జుట్టును తడిమింది.

"రమ్మని వేసినానప్పా," అంది. బసప్పతో కాదు, ఫోటోతో. "మగ్గం ఆడతాండాదని కాదు. రమ్మని."

కొంగు ముడి విప్పింది. పసుపు నాణేలు అరచేతిలోకి వచ్చాయి. కాసేపు అట్లాగే చెయ్యి చాపి నిలబడింది. తర్వాత పిడికిలి మూసింది.

"ఆయప్ప యాడ కూర్చునేవాడు?"

బసప్ప చివరి బెంచీ చూపించాడు. రోడ్డుకు ఎదురుగా, గోడకు ఆనుకుని ఉంది. వెళ్లి కూర్చుంది. ఎదురుగా బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపు చరుస్తూ అరిచాడు.

"ధర్మవరం, ధర్మవరం, ధర్మవరం!"

"ఆ కేక వినబడితే చాలు, తలెత్తేవాడక్కా," అన్నాడు బసప్ప. "ఎన్నిసార్లు అరిచినా అన్నిసార్లూ. ఎక్కేవాడు మాత్రం కాదు."

బస్సు కదలబోయింది. కండక్టరు ఆమెనే చూశాడు.

"ఏమ్మా, ధర్మవరమేనా? వస్తావా?"

సుబ్బలక్ష్మమ్మ తలెత్తింది. లేవలేదు.