పూర్తి అడ్రస్

"నువ్వెలాగూ ఖాళీయే కదా లీలా, కొత్త వెబ్‌సైటు ఒకసారి నొక్కి చూడు" అన్నారు మా ఆయన రవిచంద్ర, టిఫిన్ ముగించి చెయ్యి కడుక్కుంటూ. ఖాళీనట! పొయ్యి మీద పప్పు, చేతిలో ఫోను. ఆయన కంపెనీ తయారుచేసిన ప్రతి సైటునూ ఇలా వంటింట్లోనే, జీతం లేకుండా పరీక్షించాను. పెళ్లికి ముందు నేనూ కోడ్ రాసినదాన్నే. ఇప్పుడది మా అత్తగారి మాటల్లో "కాలక్షేపం".

ఈసారిది కొత్త ముఖాల కోసం సినిమా నిర్మాత బసవపున్నయ్యగారు పెట్టించిన ఆడిషన్ల సైటు. సొంత అడ్రస్ సిద్ధం కాకపోయినా ముహూర్తం తప్పకూడదని అంతకుముందు శుక్రవారం ఆఫీసు కంప్యూటర్ మీదే తెరిచి కొబ్బరికాయ కొట్టారు. ఆయన నన్ను చూడమన్న రోజు పొద్దున్నే అసలు అడ్రస్‌లో అందరికీ తెరిచారు. దరఖాస్తులకు ఆ సాయంత్రంతో గడువు ఆఖరు. నేను లాగిన్ కాగానే తెల్ల పేజీ వచ్చింది. ఆయనకు ఫోన్ చేసి చెబితే, "ఆఫీసులో అందరికీ బాగానే వస్తోంది, నీ ఫోన్‌లోనే ఏదో ఉంది" అని పెట్టేశారు. ఒళ్లు మండిపోయింది. సినిమా అవకాశాల కోసం వచ్చి యూసుఫ్‌గూడ గదుల్లో ఉంటున్న ఎంతమంది అమ్మాయిలు ఆ తెల్ల పేజీని చూస్తూ కూర్చున్నారో! పొయ్యి కట్టేసి ఫిల్మ్‌నగర్‌లోని ఆయన ఆఫీసుకు ఆటో ఎక్కాను.

ఆఫీసులో భువన ఒక్కతే నా ఫోన్ తీసుకుని చూసింది. బోరబండ పిల్ల, చేరి ఏడాది కూడా కాలేదు. "మేడమ్ ఫోన్ మంచిగనే ఉంది సార్. లాగిన్ అయినంక అందర్నీ ముహూర్తం నాటి ఆఫీస్ కంప్యూటర్‌కే పంపుతున్నం. గీడ తెరుచుకుంటది, బయటోళ్లకు ఎట్ల తెరుచుకుంటది? కోడ్‌ల ఆ కంప్యూటర్ పూర్తి అడ్రస్ తీసేసి, సైటు లోపలి పేజీకి దారి ఒక్కటే రాయాలె. సైటు ఏడ ఉంటే ఆడికే పోతది." యజమాని ముఖం మీదే, గొంతు పెంచకుండా చెప్పింది. ఎంత ముద్దొచ్చిందో ఆ పిల్ల!

"మెయిల్లో పంపే లింకులకు మాత్రం అసలు సైటు పూర్తి అడ్రస్ పెట్టు. వాటిని సైటు బయట నుంచి నొక్కుతారుగా" అన్నాను.

భువన ఆగి నా వైపు చూసింది. "అరె, అవును మేడమ్! జర కూసోండి, అది మీరే దిద్దండి" అని కుర్చీ జరిపింది. ఎన్నేళ్లకో నా వేళ్లు మళ్లీ ఆ పని మీద పడ్డాయి. నా ఫోన్లో పేజీ తెరుచుకుంది. దరఖాస్తులు వరసగా రావడం మొదలైంది.

అప్పుడే లోపలికొచ్చిన బసవపున్నయ్యగారు, "ఎవరండీ ఈవిడ? కొత్తగా చేరారా?" అన్నారు.

"మా ఆవిడండీ, ఊరికే చూడ్డానికొచ్చింది" అన్నారు మా ఆయన నవ్వుతూ.

"చేరుతున్నానండీ" అన్నాను, కీబోర్డు మీంచి చేతులు తియ్యకుండా. "ఈ ఆఫీసులోనా, ఇంకో ఆఫీసులోనా అన్నదే ఈయన చెప్పాలి."