రెండో లైను

మెట్ల కింది గదిలో మోకాళ్ల మీద కూర్చుని ఆయన ఫైర్‌వాల్ పెట్టె మీది దుమ్మును పాత బనీను గుడ్డతో తుడుస్తున్నాడు. ఆసుపత్రి ఇంటర్నెట్ అంతా ఆ పెట్టెలోంచే రావాలి, పోవాలి. తుడిచాక కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. దండం దేవుడికా, పెట్టెకా అని నర్సులు ఆటపట్టించేవారు. దేవుడికే, మధ్యలో పెట్టె అడ్డొచ్చిందంతే అనేవాడాయన.

ఆసుపత్రిలో నెట్ చూసుకునే ఆయన అందరికీ నెట్టాయన. పొట్టి మనిషి, చెవుల పైన మాత్రమే మిగిలిన జుట్టు. ఇంట్లో గొడుగులు రెండు, టార్చిలైట్లు రెండు.

"అన్నిటికీ రెండోది దాచుకునే మనిషి, నాకు రెండోదాన్ని ఎక్కడ దాచారండీ?" అంది ఆ ఉదయం భార్య.

"ఆ ఒక్క లైనూ ఊడేది కాదులే," అని చెప్పులేసుకుని బయటపడ్డాడు.

ఆసుపత్రికీ రెండు లైన్లు. ఒకటి రోడ్డు కింది కేబులు. అది పోతే ఆదుకోవడానికి మేడ మీది ఏంటెనాతో వచ్చేది మరొకటి. మొదటిది పోగానే పెట్టె దానంతటదే రెండోదానికి మారాలి. నిన్న మారలేదు. రోడ్డు తవ్వేవాళ్లు కేబులు తెంపారు. పెట్టె ఎప్పటిలాగే ఉన్నావా అని, కేబులు వచ్చి చేరే మోడెమ్‌ను అడిగింది. మోడెమ్ ఉండేది పక్క గదిలో. ఉన్నానంది. వీధిలో తెగిన సంగతి దానికేం తెలుసు? ఆ ఒక్క మాట నమ్మి పెట్టె చచ్చిన లైనునే పట్టుకు వేలాడింది. మోడెమ్‌నే అడగమని అమర్చింది ఆయనే.

సరిగ్గా ఆ సమయంలో పై అంతస్తులో ఒక పెద్దావిడ, గుండె నీరసించి మంచం పట్టిన మనిషి, దూరానున్న చెల్లెలితో వీడియోలో మాట్లాడుతోంది. ఏళ్ల తరబడి మాటల్లేని అక్కచెల్లెళ్లు. నా మీద ఇంకా కోపముందా అని ఈవిడ అడగడం, చెల్లెలి మొహం మాయమవడం ఒక్కసారే జరిగాయి. చెల్లెలు కోపంతో ఫోను పెట్టేసిందనుకుంది. లైను బాగయ్యాక నర్సు మళ్లీ కలుపుతానంటే వద్దని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆయన సెట్టింగు మార్చాడు. ఇకమీదట పెట్టె పక్క గదిని కాదు, కేబులు కంపెనీకి ఆవల ఎక్కడో ఉన్న ఇంటర్నెట్ చిరునామాలను పలకరించాలి. అవి పలకకపోతే దారి మార్చాలి. తన చేత్తోనే కేబులు పీకి చూశాడు. కాసేపటికి పెట్టె మీద రెండో లైను దీపం పచ్చగా వెలిగింది. కేబులు మళ్లీ తగిలించాడు. తన ప్రార్థన కూడా పక్క గదిదాకా వెళ్లి, ఉన్నాననిపించుకుని తిరిగొచ్చేస్తోందేమో అని ఒక అనుమానం మెదిలింది. దాన్ని తేల్చుకునే తీరిక అప్పుడు లేదు. మేడెక్కాడు.

"అమ్మా, నిన్న మాట తెంచింది మీ చెల్లెలు కాదు, నా పెట్టె. తప్పు నాది."

పెద్దావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నువ్వెవరు నాయనా, మా చెల్లెలి తరఫు వకీలువా?"

నర్సు నవ్వాపుకుంది. చివరికి పెద్దావిడే మెత్తబడి కలపమంది. ఈసారి పెట్టేస్తే మాత్రం పెట్టె మీదికి నెట్టొద్దని ముందే చెప్పింది.

కలిపారు. కబుర్లు మొదలయ్యాయి. బయట రోడ్డు తవ్వే మిషను మళ్లీ మోగుతోంది. పెద్దావిడ గొంతు సవరించుకుని నిన్నటి ప్రశ్నే అడిగింది. తెర మీద చెల్లెలు నోరు సగం తెరిచి, బొమ్మలా నిలిచిపోయింది. కేబులు మళ్లీ తెగిందని తలుపు దగ్గరున్న ఆయనకు అర్థమైంది. పెద్దావిడ మాత్రం తొణకలేదు.

"దానికి చిన్నప్పట్నుంచీ నిదానమే. ఆలోచించుకోనీ."

బొమ్మ కదిలింది.

"కోపమా? అదెప్పుడో పోయిందక్కా. పోయిందని చెప్పడానికే సిగ్గేసింది."

"సరిగ్గా వినబళ్లేదే. మళ్లీ చెప్పు."

వినబడకేం, బాగానే వినబడింది. చెల్లెలు మళ్లీ చెప్పింది.

ఆయన చప్పుడు చేయకుండా కిందికి దిగాడు. పెట్టె మీద వెలుగుతున్నది రెండో దీపం. దారి మారిన సంగతి ఆసుపత్రిలో ఇంకెవరికీ తెలియలేదు. కడుపు నిండా భోంచేసినంత హాయిగా ఉంది ఆయనకు.

సాయంత్రం కేబులు అతికించి వెళ్లారు. పెట్టె మొదటి దారికి తిరిగొచ్చింది. ఇంటికి వెళ్లేముందు పెద్దావిడకు చెప్పి వెళదామని పైకి వెళితే మంచం ఖాళీగా ఉంది. నర్సు దుప్పటి మడుస్తోంది.

"నిద్రలోనే పోయిందన్నా. అంతకుముందు చాలాసేపు చెల్లెలితో నవ్వుతూనే ఉంది."

ఆయన చేతులు జోడించి కాసేపు నిలబడ్డాడు.

మంచం పక్క బల్ల మీద ఆవిడ కళ్లజోడు, కాడలు మడవకుండా, ఇప్పుడే తీసి పెట్టినట్టుంది.