కడ్డీకి నీళ్లు పోసే వేళ

ఒక్క స్విచ్చి మార్చడానికి కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా బస్సెక్కి రావడం ఖయ్యూంకు మొదటినుంచీ ఇష్టం లేదు. కానీ కాదనలేని గిరాకీ. తాహేరా ఖాలా ఇంటికి కరెంటు పని చేసింది అతని ఉస్తాదు తాజుద్దీన్. ఉస్తాదు కన్నుమూసి ఏడాది దాటినా, ఆయన బిగించిన బోర్డు మీద శిష్యుడి చెయ్యి తప్ప మరొకరి చెయ్యి పడకూడదని ఆమె పంతం. కొడుకు ముక్తార్ దుబాయిలో ఉన్నాడు. ఇంట్లో ఉండేది ఆమె, బీడీలు చుట్టే కోడలు బిల్కిస్, అంతే.

పావుగంట పని అనుకున్నాడు. ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, స్విచ్చి మూత విప్పి, అలవాటు కొద్దీ తీగకు టెస్టరు ఆనించాడు. టెస్టరు ఎర్రగా వెలిగింది. ఫ్యూజు జేబులో ఉండగా తీగలో కరెంటు ఎక్కడిది? కరెంటు తిరిగి పోవాల్సిన రెండో తీగకు ఆనించి చూశాడు. అదీ వెలిగింది, ఆపకుండా వదిలేసిన ఫ్యాను గుండా కరెంటు దానిలోకీ వస్తోంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఫ్యూజు ఉండాల్సిన తీగకు లేదు, ఉండకూడని తీగకు ఉంది. ఆ రెండో తీగ ఎటు పోతోందో చూడటానికి గోడ వెంబడే నడిచాడు. అది కిటికీ పక్క బెజ్జంలోంచి పెరట్లోకి దూరి, బట్టలుతికే బండ పక్కన నేలలో దిగేసిన ఇనుప కడ్డీకి చుట్టుకుని ఉంది. ఆ చుట్ల పొందిక చూడగానే అది ఎవరి చేతి పనో తెలిసిపోయింది. అంత ముచ్చటగా తీగ చుట్టేవాడు జిల్లా మొత్తానికి ఒక్కడే ఉండేవాడు.

ఉస్తాదును తప్పుపట్టాలంటే ఖయ్యూంకు నోరు రాదు. పైగా ఆ రోజుల్లో దాన్ని తప్పని ఎవరనుకున్నారు? లైను చివరి ఇళ్లకు కరెంటు వచ్చేసరికి బల్బులు మిణుగురుల్లా ఉండేవి. ఉస్తాదు దానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. రెండో తీగను స్తంభానికి కలపకుండా, ఉప్పు, బొగ్గు వేసి పాతిన కడ్డీకి కట్టేసేవాడు. పొద్దుగూకే వేళ ఆ కడ్డీ మొదట్లో రెండు చెంబుల నీళ్లు పోస్తే బల్బు భగ్గున వెలిగేది. ఆడవాళ్లు ఆయనకు దండాలు పెట్టేవారు. నేల ఎండితే కడ్డీయే కరెంటు తీగ అవుతుందని, తడిస్తే చుట్టూ ఉన్న బురద కూడా పట్టుకుంటుందని ఖయ్యూం చాలా తర్వాత, ఒకసారి ఎగిరి అవతల పడ్డాక తెలుసుకున్నాడు. ఆ రోజు నుంచి కొత్తగా కడ్డీలు పాతడం మానేశాడు. పాతినవాటిని పీకాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. మానేయడంతోనే తన పని అయిపోయిందనుకున్నాడు, మహానుభావుడు.

అతను అక్కడే నిలబడి ఉండగా తాహేరా ఖాలా చెంబుతో నీళ్లు తెచ్చింది. వట్టి కాళ్లు. ఎండ ఇంకా దిగలేదు కానీ కరెంటు మేస్త్రీ పని మీద ఉన్నాడు, వెలుతురు కావాలి కదా అని ఆమె ఉద్దేశం. ఖయ్యూం ఆమె చేతిలో చెంబు లాక్కున్నంత పని చేశాడు. ముందు లోపలికి పరుగెత్తి ఫ్యాను మీట ఆపాడు, స్తంభం నుంచి వచ్చే తీగను బోర్డు దగ్గర కట్టె ముక్కతో ఊడదీశాడు, ఆ తర్వాతే కడ్డీ చుట్లు విప్పాడు.

బిల్కిస్ ముఖం మాడ్చుకుంది. ముక్తార్ పంపిన క్యాసెట్టు వినడానికి సాయంత్రం నలుగురూ వస్తారని, స్విచ్చి మార్చమంటే ఇల్లే చీకటి చేశాడని, ఆరేళ్లుగా కానిది ఇవాళ్టికే అవుతుందా అని అడిగింది. స్తంభం నుంచి రెండో తీగ లాగాలని, రేపు పొద్దున్నే లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని వస్తానని, అప్పటిదాకా కరెంటు దీపం వద్దని ఖయ్యూం చెప్పాడు. ఆమె వినేలా లేదు. చివరికి విసిగిపోయి, ఇన్నాళ్లూ మీ అత్తను మృత్యువుకు నీళ్లు పొయ్యమని పంపుతున్నావని అనేశాడు. బిల్కిస్ అత్తను చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయింది.

అన్న మాట తన చెవుల్లో తనకే పడింది. లింగంపేటలో హన్మవ్వ ఉంది.

హన్మవ్వ ఇంట్లో కడ్డీ పాతింది ఉస్తాదు కాదు. ఎనభై మూడులో, ఉస్తాదు జ్వరంతో పడుకుంటే, ఖయ్యూం ఒక్కడే పోయి చేసిన మొట్టమొదటి పని అది. బల్బు వెలగగానే ముసలామె అతని నెత్తి నిమిరి, జొన్నరొట్టె పెట్టింది. రోజూ పొద్దుగూకంగానే నీళ్లు పొయ్యవ్వా, మరువకు అని మరీ మరీ చెప్పింది తనే. ఆమె మరిచే మనిషి కాదు.

బస్సు కోసం ఎల్లారెడ్డి స్టాండులో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. ఆరు గంటల బస్సు ఆరున్నరకు కదిలింది. కదిలిందన్న మాటేగానీ, తునికాకు కట్టలు ఎక్కించడానికి ఒకచోట, డ్రైవరు చాయ్ తాగడానికి ఒకచోట ఆగింది. చాయ్ గ్లాసును డ్రైవరు ఊదుకుంటూ ఊదుకుంటూ తాగుతుంటే ఖయ్యూంకు అతని పీక పిసకాలనిపించింది. కిటికీలోంచి చూస్తే పొద్దు మక్క చేలలోకి దిగిపోతోంది. ఈపాటికి ఆమె కుండలో నీళ్లు ముంచి ఉంటుంది. ఈపాటికి గడప దాటి ఉంటుంది. వద్దనుకున్నకొద్దీ అదే కళ్ల ముందు ఆడుతోంది.

లింగంపేటలో దిగి పరుగెత్తాడు. గల్లీ పొడుగునా బల్బులు వెలుగుతున్నాయి. హన్మవ్వ ఇల్లొక్కటే చీకటిగా ఉంది.

"అవ్వా" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు.

"ఎవరది? ఖయ్యూమా? గీ యాళకు వచ్చినవేంది బిడ్డా?"

అరుగు మీద కందిలి వెలిగించి పెట్టుకుని, ఒళ్లో చాటతో, హన్మవ్వ బీడీలు చుడుతోంది. ఖయ్యూం అరుగు అంచున కూలబడ్డాడు. ఏడుపు, నవ్వు కలగలిసి వచ్చాయి. లైటు ఎందుకు వేసుకోలేదని అడిగాడు.

"బర్రె సచ్చిన కాంచి ఆ దిక్కు పోబుద్ధి అయితలేదు. నీళ్లు పొయ్యకుంటె లైటు మిణుకు మిణుకుమంటది. గందుకే బందు పెట్టిన."

పోయిన వానాకాలంలో చచ్చిందట. ఆమె నీళ్లు పోసి ఇటు తిరిగిందో లేదో, బర్రె ఆ తడిలో కాలు పెట్టి విరుచుకు పడిందట. అందరూ పాము ముట్టిందన్నారు. గాటు దొరకలేదు. బీడీల మీద కూడబెట్టి కొన్న బర్రె. మనిషి పోయినట్టు మూడు రోజులు ముద్ద ముట్టలేదట. చెబుతుంటే ఆమె వేళ్లు ఆకు చుడుతూనే ఉన్నాయి.

ఖయ్యూం లేచి కరెంటు తీగ ఊడదీశాడు, పెరట్లోకి పోయి కడ్డీ చుట్లు విప్పాడు. పని అయిపోయింది. తీగ పాతబడింది, మార్చాలవ్వా అని చెప్పి బస్సెక్కితే అడిగేవాళ్లు లేరు. పాము మీద పడ్డ నింద పాము మీదే ఉంటుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. తనను తనే అసహ్యించుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"పాము కాదవ్వా. నేను పాతిన కడ్డే. నీ బర్రెను నేనే సంపిన."

హన్మవ్వ వేళ్లు ఆగాయి. ఎందుకో, ఎలాగో అతను విడమరిచి చెబుతుంటే, ఆమె పెరటి వైపు చూస్తూ కూర్చుంది.

"నన్ను గూడ సంపుతుండెనా?" అంది.

"అవునవ్వా."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె చాట పక్కన పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంది.

"గిసువంటియి ఇంకెన్ని ఇండ్లల్ల పెట్టినవ్?"

దారి పొడుగునా అతని భయం ఈ ఒక్క ఇంటినే చూపించింది. ఇప్పుడు ఒక్కొక్క గడపా గుర్తొస్తోంది. లింగంపేటలో మరో మూడు. తాడ్వాయిలో రెండు. కామారెడ్డిలో ఉస్తాదు వెంట తిరిగినవి ఎన్నో లెక్కే లేదు.

"ఈ ఊర్ల భూమక్క ఇంట్ల గూడ" అన్నాడు.

హన్మవ్వ కందిలి అందుకుని అరుగు దిగింది. భూమక్క కోడలు ఆ కడ్డీ కాడనే బోళ్లు తోముతుందని, తోమే యాళ ఇదేనని చెప్పింది.

"నిన్ను తిట్టేది రేపు తిడత. నడువు."

ఆమె అప్పటికే గల్లీలో ఉంది. ఖయ్యూం సంచి భుజాన వేసుకుని వెనకాలే పరుగెత్తాడు.