బావి గోడకు తొమ్మిది కళ్లు

నేను ఒక గడ్డపారను. సొగసుగా చెప్పడం నాకు రాదు, పొడవడమే వచ్చు. పొడిచినట్టే చెబుతాను.

పుట్టకముందు లారీ ఇరుసును. ఘాట్‌ రోడ్డులో విరిగి పాత ఇనుములో పడి ఉంటే గుండ్లమడుగు కమ్మరి బ్రహ్మయ్యాచారి తెచ్చి కొలిమిలో కాల్చాడు. ఒక కొస మొనగా, ఇంకో కొస చదునుగా సాగగొట్టి నీళ్లలో ముంచాడు. ఆ చురుకు ఇంకా గుర్తుంది. వడ్డె గంగన్న నన్ను భుజానేసుకుని పోయాడు. ఊళ్లో ఏ పాత రాతిగోడ నిలబడి ఉన్నా దాని వెనక ఒక వడ్డె మనిషి నడుము విరిగి ఉంటుంది. చెక్కిన రాయి మీద మాత్రం స్థలం ఇచ్చినాయన పేరుంటుంది.

గంగన్న, ఆయన కొడుకు ఓబులప్ప కలిసి ఊరి దిగుడుబావికి గోడ కట్టారు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి. ఆ గోడలో తొమ్మిది కన్నాలు వదిలారు, ముంజేయి దూరేంత. వాటిని కళ్లు అనేవారు. వానకు గోడ వెనక మట్టి నానుతుంది. ఆ నీళ్లు కళ్లలోంచి బావిలోకి దిగాలి. దిగకపోతే గోడను తోస్తాయి. ఇంతే విద్య. ఇది చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు, డిగ్రీ ఉన్నవాడికి అర్థమయ్యేలా చెప్పడమే కష్టం.

బోర్లు వచ్చాయి. బావిలో చెత్త పడింది. ఓబులప్ప భుజం పడిపోయింది. ఆయన భార్య మారెక్క నా మీద తడి చీరలు ఆరేసింది. పదిహేనేళ్లు అలా ఇంటి గోడకు ఆనుకుని ఉన్నాను.

అప్పుడు పట్నం నుంచి సేవాదళం వాళ్లు వచ్చారు. ఒకే రంగు టీషర్టులు, చేతులకు తొడుగులు. వాళ్ల నాయకుడు శ్రీకర్ కంప్యూటర్ ఉద్యోగి. "తాతా, బావిని బతికిద్దాం. మీ పని మాకు నేర్పండి," అన్నాడు. మంచివాళ్లండీ. నా ఏడుపంతా అదే. చెడ్డవాళ్లయితే తిట్టి ఊరుకుందును. పదకొండు ఆదివారాలు పూడిక మోశారు. అరచేతులు బొబ్బలెక్కినా మానలేదు. నన్ను పట్టుకుని ఫోటో దిగని వాళ్లు లేరు. ఒకడు తలకిందులుగా పట్టుకుని దిగాడు.

ఓబులప్ప మళ్లీ లేచాడు.

"ఏమబ్బా, పట్నమోళ్లు వచ్చినాక భుజంనొప్పి యాడికి పాయ?" అంది మారెక్క.

"సంగటి బెట్టు ముందు. కళ్ల సంగతి వాళ్లకు చెప్పల్ల."

పూడికంతా పోయాక చెబుదామని ఆగాడు, చెప్పలేకపోయాడు. పన్నెండో ఆదివారం జ్వరంతో పడుకున్నాడు. వాళ్లు సిమెంటు తెచ్చుకున్నారు. గోడలోంచి నీళ్లు కారడం చూసి శ్రీకర్ "లీకేజీ!" అని అరిచాడు. బావిలోకి నీళ్లు రావడాన్ని లీకేజీ అన్నవాణ్ని నేను అప్పుడే చూశాను. తొమ్మిది కళ్లూ మూశారు. రాళ్ల సందులన్నీ నున్నగా పూశారు. నేను పక్కనే పడి ఉన్నాను. ఇనుముకు నోరేది?

జ్వరం తగ్గాక ఓబులప్ప చూశాడు. నన్ను తీసుకుని మెట్లు దిగి రెండు రోజుల్లో రెండు కళ్లు తెరిచాడు. మూడోదాని మీద నా మొన ఆనిందో లేదో శ్రీకర్ వచ్చాడు.

"తాతా! ఏం చేస్తున్నారు? వచ్చే ఆదివారమే ప్రారంభం!"

"నీళ్లు గోడెనక నిలబడతాయి నాయనా. తోసేస్తాయి."

"మా ఇంజినీరు ఫ్రెండ్‌ని అడిగాం తాతా. ఏం కాదన్నాడు."

"ఆయప్ప ఈ బావిని జూసినాడా?"

"ఫోటోలు పంపాం."

ఓబులప్ప నవ్వాడు. శ్రీకర్ కూడా నవ్వి, "ప్రారంభం కానీండి, తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం," అంటూ నన్ను ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. ఆ వేళ్లు ఎందుకు వదిలాయని అడక్కండి. డెబ్బై ఏళ్లుగా సార్లకు ఎదురు చెప్పి ఎరగని వేళ్లవి.

నాకు పచ్చరంగు పూశారు. బావి గట్టున గుంట తీసి, నిలువునా నిలబెట్టి, సగం దాకా సిమెంటు పోశారు. పైన బోర్డు బిగించారు. బావి పేరు, దళం పేరు, కింద 'సంప్రదాయ పనిముట్టు' అని నా పేరు. రాయిని పెకలించే నన్నే బోర్డు మోసే గుంజను చేశారు. ఆదివారం ఓబులప్పకు శాలువా కప్పి చప్పట్లు కొట్టారు. సాయంత్రం వాన పట్టుకుంది.

మంగళవారం పొద్దుటికీ ఆగలేదు. ఓబులప్ప శాలువా నెత్తినేసుకుని పరిగెత్తుకొచ్చాడు. తెరిచిన రెండు కళ్లలోంచి నీళ్లు దుముకుతున్నాయి. మిగతా ఏడూ కిక్కురుమనలేదు. గోడ నిండు చూలాలిలా ఉబ్బింది. వెనకే వచ్చిన మారెక్క పక్కింటికి గడ్డపార కోసం ఉరికింది. ఓబులప్ప నన్ను రెండు చేతులా పట్టి గుంజాడు. మోకాలు ఆనించి గుంజాడు. "రాయే, రాయే," అన్నాడు. అన్నేళ్లు ఆ చేతుల్లో కొండల్ని కదిలించినదాన్ని, నేనే కదల్లేదు. నెత్తిన బోర్డు టపటపా కొట్టుకుంటోంది.

గోడ కూలింది. తిరిగొచ్చిన మారెక్క శాలువా పట్టి వెనక్కి లాగకపోతే ఆయన కూడా బావిలో పడేవాడు. రాళ్లతో, మట్టితో బావి సగానికి పూడిపోయింది. ఆ రెండు కళ్లున్న చోట మాత్రం రెండు బారల గోడ మిగిలింది.

ఆదివారం దళం వచ్చింది. నిజంగానే ఏడ్చారు. "వాన మరీ ఎక్కువైంది తాతా," అన్నాడు శ్రీకర్. ఓబులప్ప మిగిలిన గోడ వైపు చెయ్యి చూపించాడు. శ్రీకర్ ఆ రెండు కళ్లనూ చూశాడు. చూశాక తల ఎత్తలేదు.

"మళ్లీ కడదాం తాతా. ఎలాగో చెప్పండి, చేస్తాం."

ఓబులప్ప తన చేతులు చాపాడు. ఆ గుంజులాటతో వేళ్లు ముడుచుకోవడం లేదు. "చెప్తే వచ్చేది కాదు నాయనా. నేను పట్టి చూపించల్ల. పోనీలే, ముందు దాన్ని పెరుకు."

శ్రీకర్ నన్ను పట్టి లాగాడు. ఇద్దరు కలిశారు, నలుగురు కలిశారు. రంగు రాలి వాళ్ల అరచేతులు పచ్చబడ్డాయి.

"మంచి సిమెంటే పోసినారు," అంది మారెక్క.

ఓబులప్ప ఇంటిదారి పట్టాడు. నేను గట్టు మీదే నిలబడి ఉన్నాను. ఆ రెండు కళ్లూ ఇంకా కారుతున్నాయి, కింద రాళ్ల మీదికి.