గుమ్మం పట్టని బల్ల

ఆఖరి స్టాపులో బస్సు దిగి, ఎడమవైపు సందులో ఉల్లిపాయలు వేగే వాసన పట్టుకుని నడిస్తే వదిన భోజనాల గది వచ్చేది. దానికి బోర్డు లేదు. ఉన్నా ఎవరూ చదవరు, ముక్కే దారి చూపిస్తుంది కదా. ఊరికి దూరంగా విసిరేసినట్టుండే ఆ శివారులో చూడ్డానికి కూడా మరీ ఎక్కువేమీ లేదు. గుట్ట మీద నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడితే నగరమంతా కనిపిస్తుంది. మూతపడ్డ బస్సు షెడ్డులో పాత పుస్తకాల కొట్టుంది. ఇంకాస్త ముందుకెళితే మొక్కలాయన మొక్కలు పెంచి అమ్మే అద్దాల గది. సెలవురోజున నగరం నుంచి వచ్చినవాళ్ళు ఇవి తిరిగి తిరిగి, కాళ్ళు పీకి, కడుపులో ఎలుకలు పరిగెత్తడం మొదలయ్యాక వదిన దగ్గరికొచ్చి పడేవాళ్ళు.

ఆవిడ అందరికీ వదినే. భర్త వడ్రంగి. అడిగినవాడికల్లా కిటికీ రెక్క బాగుచేసిపెట్టి, కూలి అడగడం మర్చిపోయే మనిషి కాబట్టి ఆ చుట్టుపక్కల అందరికీ అన్నయ్యాడు. ఆయన అన్న కాబట్టి ఈవిడ వదిన. అసలు మరిది మాత్రం ఒక్కడే, భర్త సొంత తమ్ముడు. వాడూ వడ్రంగే. వదినని ఏడిపించకుండా వాడికి ముద్ద దిగదు, వాణ్ణి తిట్టకుండా ఆవిడకి పొయ్యి వెలగదు.

ఆ గదిలో ఉన్నది ఒకే ఒక్క బల్ల. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, అటూ ఇటూ బెంచీలతో. భర్త ఆ గదిలోనే కూర్చుని చేశాడు దాన్ని. గుమ్మం కన్నా బల్ల వెడల్పు. "ఇది బయటికి రావాలంటే గోడ పడగొట్టాల్సిందే" అని ఆయన మీసం మెలేసి చెప్పేవాడు. శివారంతా ఆ మాట నమ్మింది. అందరికన్నా గట్టిగా వదిన నమ్మింది.

ఆ బల్లకో పద్ధతి ఉంది. వచ్చిన వరసలో కూర్చోవాలి, మధ్యలో ఖాళీ వదలకూడదు. బస్సు డ్రైవరు పక్కన పళ్ళ డాక్టరు, పళ్ళ డాక్టరు పక్కన కుట్టుమిషన్ అక్క, ఆవిడ పక్కన ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. అందరికన్నా చివర వచ్చినవాళ్ళు గుమ్మం పక్క చోటులో కూర్చోవాలి. కూర్చునే ముందు జగ్గు పట్టుకుని అందరికీ మంచినీళ్ళు పొయ్యాలి. అంతే. పొయ్యనన్నవాళ్ళకి వదిన అన్నం పెట్టదు. కలెక్టరొచ్చినా పెట్టదని మరిది పందెం కాసేవాడు. కలెక్టరు ఎప్పుడూ రాలేదు కాబట్టి పందెం అలాగే ఉండిపోయింది.

భర్త పోయినప్పుడు వదిన పొయ్యి వెలిగించలేదు. తలుపు వేసుకుని వంటగది గోడకి ఆనుకుని కూర్చుంది. లేవాలనిపించలేదు. ఎవరి కోసం లేవాలో తెలియలేదు. ఒకరోజు కుట్టుమిషన్ అక్క వెనక తలుపు తోసుకొచ్చి, వదిన వంటగదిలో వదిన గిన్నెల్లోనే వండింది. మిగతావాళ్ళు వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. వదినని చెయ్యి పట్టి తీసుకొచ్చి గుమ్మం పక్క చోటు చూపించారు. "నువ్వే ఆఖరుగా వచ్చావు" అని డ్రైవరు ఖాళీ గ్లాసు ముందుకు తోశాడు. వదిన జగ్గెత్తింది. అందరికీ నీళ్ళు పోసింది. సగం బల్ల మీద పోసింది. పోస్తూ పోస్తూ ఏడ్చింది, ఏడ్చాక కూర్చుని తింది. మర్నాడు పొయ్యి వెలిగింది. ఆవిడ దృష్టిలో ఆ రోజు తనని బతికించింది ఆ బల్లే. ఎవరు కాదన్నా ఒప్పుకోదు.

ఇక టేపు బాబు సంగతి. ఆ గది ఉన్న ఇల్లు వాళ్ళ నాన్నది. ఆ పెద్దాయన వదినా వదినా అంటూ రోజూ వచ్చి తినేవాడు. వేలు పట్టుకుని ఈ పిల్లాడూ వచ్చేవాడు. నీళ్ళు పోసే వంతు కోసం కావాలని గుమ్మం బయట నక్కి ఆఖరున వచ్చేవాడు. అప్పట్లో "పెద్దమ్మా" అని పిలిచేవాడు. నగరంలో చదివి, ఉద్యోగం చేసి, తండ్రి పోయాక తిరిగొచ్చి "మేడమ్" అన్నాడు. జేబులో కొలతల టేపు. ఎక్కడ నిలబడితే అక్కడ కొలిచేవాడు. టేపు బాబన్న పేరు మరిదే పెట్టాడు.

"మేడమ్, మీ చేతి వంటకి తిరుగులేదు," అన్నాడు ఒకరోజు అందరూ తింటూండగా బల్ల అంచు కొలుస్తూ. "కానీ ఈ బల్లే. నగరం నుంచి వచ్చినవాళ్ళు పక్కవాడి మోచెయ్యి తగులుతూ తినరు. ఇద్దరిద్దరికీ విడివిడిగా చిన్న టేబుళ్ళు కావాలి. ఫోటోలు తీసుకుంటారు. నలుగురికీ చూపిస్తారు. ఇంకా జనం వస్తారు."

"వచ్చి?"

"తింటారు."

"ఇప్పుడు ఏం చేస్తున్నారు, నాయనా? నిద్రపోతున్నారా?"

టేపు బాబు టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. తర్వాత అసలు మాట బయటపెట్టాడు. బల్లని నాలుగు ముక్కలుగా కోసి చిన్న టేబుళ్ళు చేయిస్తాడట. కాదంటే గది ఖాళీ చెయ్యాలట. "బల్లో, గదో. మీరే తేల్చుకోండి."

వదిన ఒంటికాలి మీద లేచింది. "కోస్తావా? ముందు ఇలా కూర్చో. ఆఖరుగా వచ్చింది నువ్వే. అందరికీ నీళ్ళు పొయ్యి, తర్వాత మాట్లాడదాం."

"నేను ఓనర్ని మేడమ్," అన్నాడతను.

ఆ మాట వదినకి మనసులో ముల్లులా దిగింది. చిన్నప్పుడు జగ్గు మోయలేక రెండు చేతులా పొట్టకి ఆనించుకుని పోసినవాడు. వాడి చొక్కా తడిస్తే తన కొంగుతో తుడిచింది.

"సరే, ఓనరుగారూ," అంది. ఆ 'గారూ' వినడానికి కుట్టుమిషన్ అక్కకే భయమేసింది. "బల్లని మీరు కొయ్యలేరు. బయటికీ తియ్యలేరు. గుమ్మం పట్టదు. గోడ పడగొట్టుకోండి. మీ గోడే కదా."

ఆ రోజు నుంచి శివారంతా ఇదే ముచ్చట. పుస్తకాల కొట్టులో ఇదే, బస్సులో ఇదే. ఏ వడ్రంగీ ఆ బల్ల మీద రంపం పెట్టడని అందరికీ ధీమా. టేపు బాబు తిరగని చోటు లేదు. ఒకడు నడుంనొప్పన్నాడు, ఒకడు కళ్ళు కనపడవన్నాడు. చివరికి ఒక ఆదివారం పొద్దున్న అతను వడ్రంగిని వెంటబెట్టుకునే వచ్చాడు. ఆ వచ్చినవాడు వదిన మరిది.

కబురు ముందే అంది, వదిన అప్పటికే బల్ల మధ్యన ఎక్కి బాసింపట్టు వేసుకుని కూర్చుంది, చేతిలో గరిటెతో. మరిదిని చూసేసరికి గరిటె పైకెత్తింది. నోరు ఇక ఆగలేదు.

"నువ్వట్రా? మీ అన్న చేసిన బల్లని కొయ్యడానికి నువ్వొచ్చావా? ఇన్నాళ్ళూ నా చేతి అన్నం తిని నాకే రంపం తెచ్చావా? రా, ముందు నన్ను కొయ్యి!"

"నిన్ను కొయ్యాలంటే ఈ రంపం చాలదు వదినా," అన్నాడు మరిది. చూడ్డానికి చేరిన జనంలో ఎవరూ నవ్వలేదు. వాడు సంచి కింద పెట్టి, రంపం బయటికి తియ్యకుండానే బల్ల కిందికి దూరాడు. ఠకఠకమని ఏదో తట్టాడు. ఏదో లాగాడు. బయటికి వచ్చి అరచెయ్యి చాపాడు. అందులో బొటనవేలంత కొయ్యచీల ఒకటి ఉంది.

"ఇందులో ఒక్క ఇనపమేకు లేదు," అన్నాడు. "అన్నీ ఈ చీలలే. ఇవి లాగేస్తే పలకకి పలక విడిపోతుంది. గుమ్మంలోంచి హాయిగా వెళ్తుంది. మళ్ళీ చీలలు కొడితే మళ్ళీ బల్ల. కొయ్యక్కర్లేదు బాబూ, రంపం ఊరికే మోయించావు."

టేపు బాబు మొహం వెలిగిపోయింది. వదిన మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. ఆ గోడే కదా ఆవిడ బలం. బల్ల గుమ్మం పట్టదన్న మాటే కదా. దాన్ని సొంత మరిదే నలుగురి ముందు తుంచేశాడు.

"నీకు ముందే తెలుసా?" అంది.

"చీలలు చెక్కింది నేనే."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఆయనెందుకు చెప్పలేదు?"

మరిది తల గోక్కున్నాడు. "అన్న ఒట్టేయించుకున్నాడు వదినా. 'మీ వదినకి మాత్రం చెప్పకురా, ఇది కదులుతుందని తెలిస్తే నన్ను బతకనివ్వదు. సోమవారం కిటికీ దగ్గరికి జరపమంటుంది, మంగళవారం వెలుతురు ఎక్కువైందంటుంది, బుధవారం మళ్ళీ మొదటికి తెమ్మంటుంది' అన్నాడు."

కుట్టుమిషన్ అక్క ముందు నవ్వింది. తర్వాత డ్రైవరు. వదినకి కోపం నషాళానికి అంటింది. చచ్చి ఎక్కడున్నాడో గానీ ఆ మనిషి దొరికితే గరిటెతో ఒక్కటి వేద్దునని అనుకుంది. అలా అనుకుంటూండగానే గరిటె ఒళ్ళో పెట్టుకుంది. నిజమే, జరపమనేదే. ఇంట్లో కదిలే వస్తువు ఒక్కటైనా పెట్టినచోట ఉండనిచ్చిందా తను? మంచాన్ని ఎన్నిసార్లు తిప్పించిందో ఆయన నడుముకే తెలుసు. ఆవిడ ఏడుస్తూ నవ్వింది. బల్ల మీద నుంచి దిగింది.

"లాగరా," అంది మరిదితో. "అన్నీ లాగు. ఒక్కటి పోయినా నీ తోలు తీస్తాను."

పలకలు ఒక్కొక్కటిగా గుమ్మం దాటాయి. బెంచీలూ దాటాయి. టేపు బాబు సంతోషంగా దారి ఇస్తూ, "మా గోడౌనులో పెట్టిద్దాం మేడమ్. చిన్న టేబుళ్ళు రేపే వస్తాయి. మీరు వంట మొదలుపెట్టెయ్యొచ్చు," అన్నాడు.

వదిన అప్పటికి గిన్నెలు బుట్టలో సర్దేసింది. "ఎవరి వంట?"

"మీదే."

"బల్లో గదో తేల్చుకోమన్నావుగా. తేల్చుకున్నాను. బల్ల నాది, దాంతోపాటు నేనూ. గది నీది, ఉంచుకో. బాగా కొలుచుకో." జగ్గు చంకన పెట్టుకుని గుమ్మం దాటింది.

సోమవారం బల్ల మొక్కలాయన అద్దాల గదిలో, కుండీల నడుమ వెలిసింది. మంగళవారం పుస్తకాల షెడ్డులో. బుధవారం కుట్టుమిషన్ అక్క వసారాలో, సగం రోడ్డు మీదికి. వదినకి తిరుగుడు రుచి తెలిసింది. ఇన్నేళ్ళు ఒకేచోట కట్టేసినట్టు ఎందుకుందో ఆవిడకే అర్థం కాలేదు. ఎక్కడ తినాలో జనానికి ఎలా తెలుస్తుందంటే, ఆఖరి స్టాపు రాగానే డ్రైవరు వెనక్కి తిరిగి, "దిగండి దిగండి, ఇవాళ భోజనం మొక్కల దగ్గర!" అని అరిచేవాడు. పాత పద్ధతికి కొత్త పద్ధతొకటి తోడైంది. ముందుగా వచ్చినవాళ్ళు చీలలు కొట్టాలి, ఆఖరున వచ్చినవాళ్ళు నీళ్ళు పొయ్యాలి. అన్నం కోసం వచ్చినవాళ్ళు అద్దాల గదిలో మొక్కలు కొన్నారు. పుస్తకాల కోసం వచ్చినవాళ్ళు రెండోసారి కూర వడ్డించుకున్నారు. పళ్ళ డాక్టరు సుత్తి పట్టి వేలు చితక్కొట్టుకుని, అది అందరికీ గర్వంగా చూపించుకుని తిరిగాడు.

టేపు బాబు గదిలో చిన్న టేబుళ్ళు వచ్చాయి. జంటలు వచ్చి, ఒక్కో కాఫీ ముందు పెట్టుకుని, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కాదు. అతను గల్లా వెనక కూర్చుని ఒక్కడే తినేవాడని కుట్టుమిషన్ అక్క చూసొచ్చి చెప్పింది. వదిన వినిపించుకోనట్టు ఉల్లిపాయలు తరిగింది. మామూలుకన్నా సన్నగా తరిగింది.

ఆదివారాలు బల్ల గుట్టెక్కేది, నీళ్ళ ట్యాంకు నీడలోకి. పలకలు మోసుకుని మెట్లెక్కుతూ మరిది మొత్తుకునేవాడు. "అన్నకి ముందే తెలుసు వదినా, నువ్విలా చంపుతావని." ఒక ఆదివారం బల్ల దాదాపు నిండి, అన్నం పెట్టబోతుండగా మెట్ల దగ్గర టేపు బాబు కనిపించాడు. ఆయాసపడుతున్నాడు. చేతిలో టేపు లేదు. చోటు ఒక్కటే మిగిలింది, బల్ల చివర.

"పెద్దమ్మా," అన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత వచ్చిన మాట అది. "వెనక్కి వచ్చెయ్యి. బల్లతోనే రా. టేబుళ్ళు తీసేస్తాను. గుమ్మం వెడల్పు చేయిస్తాను."

వదిన జగ్గు తీసి అతని ముందు పెట్టింది. అతను దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. డ్రైవరుకి పోశాడు, డాక్టరుకి పోశాడు, కుట్టుమిషన్ అక్కకి పోశాడు. ఎవరో కొత్తవాళ్ళకి పోశాడు. మరిది కావాలని రెండు గ్లాసులు పెట్టాడు, రెండూ నింపాడు. వదిన దగ్గరికి వచ్చేసరికి జగ్గు తొణికి చొక్కా ముందంతా తడిసింది. ఆవిడ కొంగు చివర పట్టుకుంది. తుడవలేదు. వదిలేసింది. ముందు తిననీ.

"కూర్చో," అని కంచం నిండా వడ్డించింది. "గుమ్మం వెడల్పు చెయ్యొద్దు. డబ్బులు దండగ. నీ గదిలోకి నేను రాను."

అతను ముద్ద కలుపుతూ తలెత్తాడు.

"కానీ రేపు సోమవారం. రేపు బల్ల నీ కొట్టు ముందర వేస్తున్నాం, సరిగ్గా నీ గుమ్మానికి ఎదురుగా, రోడ్డు పక్కన. రోడ్డుకి నువ్వు ఓనరువి కాదుగా?" వదిన అతని గ్లాసు తనే నింపింది. "పెందలాడే రా. చీలలు కొట్టడానికి మనిషి కావాలి."