చాపుకోని మోకాలు

పోయిన వారం మంచానికి ఆనిన మోకాలు ఇప్పుడు వంగి బిగుసుకుపోయి ఉందని, చెయ్యి వేయగానే ఫిజియోథెరపిస్టుకు తెలిసిపోయింది. కింద పిడికిలి దూరేంత సందుంది.

వ్యాయామాలు మానేశావా అని అడగబోయి ఆగింది. అలా అడిగితే పేషెంటు తప్పించుకునే జవాబే చెబుతుంది.

"అక్కా, నీకేమనిపిస్తోంది? ఎక్కడ తేడా వచ్చింది?"

"నన్నడుగుతావేంటమ్మా? డాక్టరువి నువ్వా, నేనా?"

"కాలు నీదే కదా!"

మంచం మీదున్నావిడ పెద్ద మేడలు కట్టేచోట ఎత్తున కూర్చుని టవర్ క్రేన్ నడుపుతుంది. దాని నిచ్చెన మీంచి జారి మోకాలి చిప్ప పగలగొట్టుకుంది. శుక్రవారం కంపెనీ డాక్టరు వస్తాడు. కాలు దారిలో పడిందని అతను ఒప్పుకుంటేనే క్రేన్ ఉద్యోగం ఆమెకోసం అట్టేపెడతారు. లేకపోతే గేటు దగ్గర కాపలా కుర్చీ.

"గేటు ఉద్యోగం మంచిదే, ఒప్పించు," అన్నాడు పొద్దున క్లినిక్‌లో పెద్ద డాక్టరు.

"ఒప్పించడం నా పని కాదండీ. తనకేం కావాలో ఆవిడ ముందే చెప్పింది," అని మొహం మీదే అనేసి ఈ ఇంటికి వచ్చింది ఫిజియో.

"సాయంత్రం మోకాలు ఎలా ఉంటుందక్కా?"

"చెప్పినమాట వింటుంది. చాపితే చాపుకుంటుంది. పొద్దున లేచేసరికి మళ్ళీ కొయ్యే." ఆవిడ కళ్ళు చిట్లించింది. "అంటే... నిద్రలో ఏదో జరుగుతోంది."

ఫిజియో ఆవిణ్ణే ఆలోచించుకోనిచ్చింది. అది కూడా ఆమె పనిలో భాగమే.

"మాత్ర వేసుకుంటే నాకు ఒళ్ళు తెలీదు. మోకాలి కింద ఎత్తు పెడితే బిగుసుకుంటుందన్నావు. నేను పెట్టుకోను, ఒట్టు. ఈ ఇంట్లో ఉండేది ఇద్దరమే."

ఆ రెండో మనిషి టీ గ్లాసులతో లోపలికి వచ్చాడు.

"ఏంటి ఇద్దరూ గుసగుసలు? ఆ గేటు పనికి ఊఁ అనమను తల్లీ. నీడపట్టున మహారాణిలా కూర్చోవచ్చు."

"మహారాణి గేట్లు తీయదయ్యా," అంది భార్య. "రాత్రిళ్ళు నా కాలి కింద ఏం పెడుతున్నావ్?"

అతను గ్లాసులు బల్లమీద పెట్టేసి తలుపు వైపు తిరిగాడు. ఆవిడ మళ్ళీ నోరు తెరిచేలోపు ఫిజియో చెయ్యెత్తి ఆపింది.

"బావగారూ, అక్క మళ్ళీ పైకెక్కిన రోజు మీకెలా ఉంటుంది?"

అతను వెనక్కి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చెప్పు," అంది భార్య. "నువ్వేం చెప్పినా శుక్రవారానికి ఈ కాలు చాపుతా. ఈ రాత్రి నుంచి తలుపు గడియ పెట్టుకుని పడుకుంటా. చెప్పు!"

"తలగడ," అన్నాడతను. "నేనే పెట్టాను. మొదటిసారి నువ్వు నిద్రలో మూలుగుతుంటే చూడలేక పెట్టాను. మూలుగు ఆగింది. మర్నాడు ఈ అమ్మాయి అలా పెట్టకూడదని చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాను. విన్నాక కూడా పెట్టాను. నువ్వు లేవకముందే తీసేసేవాణ్ణి. నువ్వు పైనున్నప్పుడు గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. జారిపడ్డావని ఫోనొచ్చినప్పుడు ప్రాణాలతో ఉన్నావని విని ఏమనుకున్నానో తెలుసా? పీడా పోయింది, ఇక ఎక్కదు అనుకున్నాను. నువ్వు కుంటిదానివైనా సరే, కింద ఉంటే చాలనుకున్నాను. తప్పే. తిట్టు, పడతాను. కానీ నువ్వెక్కుతుంటే చప్పట్లు కొట్టమని మాత్రం అడగకు. అది నావల్ల కాదు."