గొట్టం ఎటువైపు?

పచ్చి సరుగుడు పుల్లలు ఊదీ ఊదీ వెంకటశేషమ్మ కళ్లు చింతనిప్పులయినాయి. అన్నం ఉడికేలోగా సగం ప్రాణం పోయేది. "పొయ్యి ముందర ఆ ఏడుపు మొహమేందే, ఇంటికి దరిద్రం" అనేవాడు మొగుడు ఆదెయ్య, అన్నం కలుపుకుంటా. పొగ చాటున నిజంగా ఏడ్చిన రోజులెన్నో ఆయనకేం తెలుసు? తెలిసినా ఇంకో గరిటె పులుసు పొయ్యమనేవాడే, మారాజు!

అట్లాంటి ఇంటికి అరవై రెండులో నెల్లూరు కాలేజీ పిల్లలు వచ్చినారు. తోటపల్లి గూడూరు పక్క ఊళ్లల్లో కట్టెలకీ కిరసనాయిలుకీ బదులు ఇంకేం వాడొచ్చో పరిశోధనంట. గాలిమర అన్నారు, ఎండతో ఉడికే పొయ్యి అన్నారు, చివరికి ఆదెయ్య కొట్టంలో బర్రెల్ని చూసి పేడగ్యాసు దగ్గర ఆగినారు. దొడ్లో గొయ్యి తవ్వి, నీళ్లు కలిపిన పేడ పోస్తే గ్యాసు పుడుతుంది, గొట్టంలో వస్తుంది, పొగే ఉండదు. తలుపు చాటు నుంచి వింటున్న శేషమ్మ గుండె ఎగిరి గంతేసింది. పొగే ఉండదంట!

"కానీ దీపానికో పొయ్యికో, ఒకదానికే చాలుతుంది. గొట్టం ఎటు లాగమంటారు?" అనడిగింది హైమావతి, ఆ గుంపులో ఒక్కతే ఆడపిల్ల.

"అడగాల్నా అమ్మా? అరుగు మీదికి లాగండి. పెద్దమనుషులు కూర్చునే చోటు" అన్నాడు ఆదెయ్య. పెద్దమనుషులంటే ఆయన పేకాట జట్టు.

శేషమ్మకి ఏడుపు రావాల్సింది. నవ్వొచ్చింది! కాపరానికొచ్చిన కాడ్నించీ తెల్లారి లేస్తే బర్రెల కింద పేడ ఎత్తేది తాను, పిడకలు కొట్టేది తాను. చేతులు కంపు కొడతాయని పక్కకి జరిగి కూర్చునేది ఆయన. ఆ పేడలోనే ఇంత మహత్యం ఉండాదని ఈ పిల్లలు చెప్పేదాకా తట్టలేదే! అయితే ఆ గ్యాసంతా ఎవరి చేతిలో ఉన్నట్టు?

కొంగు బిగించుకుని అరుగు మీదికే వచ్చింది.

"అరుగు మీదికే లాగమ్మా, మంచిదే. గొయ్యిలోకి పేడ ఎత్తిపోసేది మాత్రం ఆ పెద్దమనుషులే. నేను ఎత్తను."

"ఏందే, నలుగురిలో..." అంటా లేవబోయినాడు ఆదెయ్య. ఈలోగా అరుగు చివర కూర్చోనున్న పేకాట జట్టులోని చెంగయ్య చెప్పులేసుకుని, "మాకు లాంతరు చాలులే ఆదెయ్యా" అని జారుకున్నాడు. లోపల అత్త పెంచలమ్మ పడీపడీ నవ్వింది. "నా జన్మంతా ఊదినా గానీ ఈ మాట తట్టలేదు గదే నా తల్లీ!"

ఆదెయ్య గొంతు సవరించుకున్నాడు. "సరే, వంటింట్లోకే లాగండి" అన్నాడు, తానేదో దానం చేస్తున్నట్టు.

ఇంత తేలికా! శేషమ్మకి ఒళ్లంతా సంతోషం పొంగింది. ఇంకా ఏమేం ఎత్తకుండా ఉండొచ్చో ఆలోచించుకుంటా లోపలికి పోయింది.